కోరాపుట్ చలిలో దక్షిణాఫ్రికా విత్తనాలు: ఇంట్లో మొలకెత్తించే పద్ధతి

విత్తనాల పొట్లం చేతికి రాగానే మట్టిలో వేసేయకండి. నేను మొదటిసారి అదే చేశాను. జూన్ నెల, బయట వాన దంచుతోంది, వానాకాలంలో ఏది వేసినా మొలుస్తుంది కదా అనుకుని లాకెనేలియా అనే దక్షిణాఫ్రికా దుంప మొక్క విత్తనాలు ఇరవై కుండీలో చల్లేశాను. ఒక్కటీ మొలవలేదు. ఆగస్టు వచ్చేసరికి కుండీ నిండా పాచి, పాచి మీద దోమల్లాంటి సన్న నల్ల ఈగలు. చెడ్డ విత్తనాలు అంటగట్టారని అమ్మినవాళ్ళని చాలా రోజులు తిట్టుకున్నాను గానీ, తప్పు నాదే. తమాషా ఏమిటంటే జూన్‌లో కేప్ టౌన్‌లో కూడా వానే పడుతుంది, కాకపోతే అక్కడ అది చలికాలపు వాన. ఒడిశా కొండల్లో ఉన్న మా కోరాపుట్‌లో అది ఉక్కపోత వాన. విత్తనానికి ఆ తేడా మనకంటే బాగా తెలుసు.

అందుకే ఇప్పుడు ఏ పొట్లం విప్పినా ముందు ఒకటే చూస్తాను, ఈ మొక్క పుట్టిన చోట వాన ఎప్పుడు పడుతుంది అని.

దక్షిణాఫ్రికా నైరుతి మూల, అంటే కేప్ టౌన్ చుట్టుపక్కల, ఇంకా పైకి నమక్వాలాండ్ వైపు, వాన చలికాలంలోనే. వాళ్ళ చలికాలం మనకి తిరగేసి ఉంటుంది, మే నుంచి ఆగస్టు దాకా. వేసవిలో అక్కడ చినుకు పడడం అరుదు కాబట్టి మొక్కలు ఆకులు ఎండబెట్టుకుని దుంపలోకి ముడుచుకుపోయి నేల కింద పడుకుంటాయి. లాకెనేలియా, ఫ్రీసియా, స్పరాక్సిస్, ఇక్సియా, రోములియా, మొరేయా, బబియానా ఇవన్నీ ఆ బాపతు, నేను కేప్ దుంపలు అనేది వీటినే. (బబియానా పేరు బబూన్ కోతి నుంచి వచ్చింది, అవి ఈ దుంపలు తవ్వుకు తింటాయి. మా వీధి కోతులకి ఆ సంగతి ఇంకా తెలియదు, తెలియకపోవడమే మేలు.)

తూర్పు వైపు కథ వేరు. ఈస్టర్న్ కేప్‌లో చాలా భాగం, క్వాజులు-నాటాల్, డ్రేకన్స్‌బర్గ్ కొండలు, ఇక్కడంతా వాన మన లాగే వెచ్చటి నెలల్లో. పైనాపిల్ లిల్లీ అనే యూకోమిస్, క్రోకోస్మియా, డియెరామా, అగపాంథస్‌లో ఆకు రాల్చే రకాలు ఈ జట్టు. మన అడవి ఉల్లి చూడండి, ఎండల్లో ఆకు లేకుండా పూస్తుంది, తొలకరి పడ్డాక ఆకు వేస్తుంది, చలికాలానికి ఎండి మాయమవుతుంది. ఆ మొక్క నడవడి తెలిసినవాళ్ళకి తూర్పు దుంపల గురించి కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు.

ఇక మన సంగతి. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. సెమిలిగుడ, పొట్టంగి వైపు చలి ఇంకా ఎక్కువ, కొన్ని రాత్రులు 10 డిగ్రీల కిందికి పోతుంది. నవంబరు నుంచి జనవరి దాకా పగలు ఎండ, రాత్రి దుప్పటి. కేప్ దుంపలకి సరిగ్గా ఇదే కావాలి. మన చలికాలంలో లేనిది వాన ఒక్కటే, అది మగ్గుతో పోయొచ్చు. చలిని మగ్గుతో పోయలేం, అందుకే ఈ విషయంలో జయపురం వాళ్ళ కంటే మేం అదృష్టవంతులం, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వాళ్ళ కంటే మరీనూ.

తేదీలు నేను పండగల లెక్కన గుర్తు పెట్టుకుంటాను. చలికాలపు దుంపలు దీపావళి అటూ ఇటూగా, రాత్రి వేడి 15 డిగ్రీల కిందికి దిగాక. గోడకి తగిలించే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, మన ఒంటికి తెలిసే చలి నమ్మదగ్గది కాదు. తూర్పు దుంపలు శివరాత్రి దాటాక, అప్పుడు వేస్తే వానలు ముదిరే లోపు మొలకకి మూడు నెలల బలం వస్తుంది. సక్యులెంట్లలో, అంటే ఒంట్లో నీళ్ళు దాచుకునే మందపాటి మొక్కల్లో, గులకరాళ్ళలా ఉండే లితాప్స్, హవర్తియా అక్టోబరు చివర నుంచి నవంబరు, కలబంద జాతులు, స్టెపీలియా, యుఫోర్బియా ఫిబ్రవరి-మార్చి.

దిగువ ఊళ్ళ వాళ్ళు నిరాశ పడక్కర్లేదు. డిసెంబరు దాకా ఆగి, విత్తిన డబ్బాని మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో, పగలు బయట నీడలో, అలా రెండు మూడు వారాలు తిప్పండి. విత్తనానికి కావాల్సింది రాత్రికీ పగటికీ మధ్య తేడా. కూరగాయల అర అయితే చాలు, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. పర్లాకిమిడిలో ఉండే మా పిన్ని ఇలాగే ఫ్రీసియా మొలిపించింది, పెరుగు గిన్నె పక్కన మట్టి డబ్బా ఏంటని ఇంట్లో అందరూ నవ్వారట.

విత్తనాలు ఎక్కడివి

విదేశాల నుంచి తెప్పించుకోవాలంటే మన దేశంలో 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉంది, దిగుమతి పర్మిట్ కావాలి, చీడపీడలు లేవని పంపేవాళ్ళ దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. ఇది తెలియక నేను ఒకసారి డబ్బు కట్టేసి పొట్లం కోసం మూడు నెలలు ఎదురుచూశాను, అది నా దాకా రాలేదు. ఇప్పుడు దేశంలోనే పెంచి విత్తనం తీసే వాళ్ళ దగ్గర కొంటున్నాను. రకాలు తక్కువే గానీ విత్తనం తాజాగా ఉంటుంది, ఏ నెలలో కోశారో అడిగితే చెబుతారు.

ఆన్‌లైన్‌లో నీలం రంగు లితాప్స్, ఇంద్రధనుస్సు లితాప్స్ అని బొమ్మలు పెట్టి వంద విత్తనాలు యాభై రూపాయలకి అమ్ముతుంటారు. అలాంటి మొక్కలు లోకంలో లేవు, ఫొటోకి రంగు వేశారంతే. నేను కూడా కొన్నాను లెండి. మూడో వారానికి ఎర్రగా మొలకలొచ్చాయి, ఆహా అనుకున్నాను, ఐదో వారానికి అది ఎర్ర తోటకూర అని తేలింది. పప్పులో వేసుకున్నాం.

ఇంకో మాట. కోనోఫైటమ్ లాంటి చిన్న సక్యులెంట్లని నమక్వాలాండ్ రాళ్ళ మధ్య నుంచి దొంగలు బస్తాల లెక్కన పెరికి అమ్ముకుంటున్నారు. యుఫోర్బియా ఒబీసాకి కిందటి శతాబ్దంలోనే ఈ గతి పట్టింది. పెరికిన పెద్ద మొక్క కంటే తోటలో పండిన విత్తనం కొనడం అన్ని విధాలా మేలు. అడవి మొక్క మన ఇంట్లో ఎలాగూ బతకదు, విత్తనం నుంచి వచ్చినది మాత్రం మన నీళ్ళకీ మన గాలికీ అలవాటు పడి పెరుగుతుంది.

మట్టి

కోరాపుట్ ఎర్రమట్టి ఒక్క ఎండ తగిలితే ఇటుక అయిపోతుంది. విత్తనాల డబ్బాలో అది పిడికెడు కంటే ఎక్కువ వద్దు. నేను వాడేది ఇల్లు కట్టే చోట దొరికే ఏటి ఇసుక. దోమల మెష్ మీద జల్లిస్తే సన్నది కిందికి పోతుంది, పైన మిగిలిన దాంట్లోంచి పెద్ద రాళ్ళు ఏరేస్తే బొంబాయి రవ్వంత పలుకులు మిగులుతాయి, అవీ మనకి కావాల్సినవి. దాన్ని నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. దుంపలకైతే రెండు పాళ్ళు ఈ ఇసుక, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కాస్త నలగ్గొట్టిన బొగ్గు. సక్యులెంట్లకి ఇసుక మూడు పాళ్ళు చేయండి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, నానబెట్టి పిండి పారబోయడం రెండుసార్లు చేయాలి, ఇది బద్ధకించి మానేసిన ప్రతిసారీ మొలకల కొసలు మాడాయి.

పశువుల ఎరువు, వర్మీకంపోస్టు విత్తనాల డబ్బాలో వద్దే వద్దు. "కొంచెం వేస్తే బలం కదా" అనిపిస్తుంది. మొలకకి కావాల్సిన బలం విత్తనంలోనే ఉంటుంది, ఎరువులో ఉన్నది బూజుకీ ఈగలకీ బలం.

కలిపిన మట్టిని మరిగే నీళ్ళతో రెండుసార్లు తడిపి చల్లారనివ్వాలి, లేదా తడి మట్టిని గుడ్డలో కట్టి పాత ఇడ్లీ పాత్రలో అరగంట ఆవిరి పట్టాలి. పాత పాత్ర అని ఎందుకంటున్నానో అత్తగారు ఉన్న ఇంట్లో వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

డబ్బాల కోసం డబ్బు పెట్టకండి. సక్యులెంట్లకి మూత ఉన్న బిర్యానీ పార్సిల్ డబ్బా కంటే మంచిది లేదు. దుంపలకి మాత్రం లోతు కావాలి, కనీసం పది సెంటీమీటర్లు, ఎందుకంటే ఈ దుంపల వేళ్ళు ముడుచుకుంటూ దుంపని కిందికి లాక్కుపోతాయి. మీరు అర సెంటీమీటరు లోతున వేసిన విత్తనం తాలూకు దుంప ఏడాది తిరిగేసరికి డబ్బా అడుక్కి చేరి ఉంటుంది. అర కిలో పెరుగు డబ్బాలు దీనికి సరిపోతాయి. కాల్చిన ఊచతో అడుగున ఐదారు చిల్లులు పెట్టండి. పేరూ తేదీ పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో రాసింది ఒక ఎండాకాలానికి మాసిపోతుంది.

విత్తడం

నల్లగా, గట్టిగా, ఆవగింజల్లా ఉండే దుంప విత్తనాలు సులువు. ఒక రాత్రి గోరువెచ్చని నీళ్ళలో నానేయండి, ఫ్రీసియా లాంటి గట్టి పెంకు వాటికి పూర్తిగా ఒక రోజు. తడిపిన మట్టి మీద చల్లి, విత్తనం ఎంత లావుందో అంత మందం ఇసుక పైన వేయండి, ఫ్రీసియాకి ఇంకొంచెం ఎక్కువ. డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెడితే తడి కింది నుంచి పైకి వస్తుంది. పైనుంచి మగ్గుతో పోస్తే విత్తనాలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. లాకెనేలియా రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తుంది. మొలక గరిక పోచలా, ఉల్లినారులా ఉంటుంది, గడ్డి అనుకుని పీకేయకండి, నేను పీకాను. మొలవని డబ్బాని పారేయకండి కూడా, కొన్ని విత్తనాలు మొదటి చలికాలం అలాగే ఉండిపోయి రెండో దాంట్లో లేస్తాయి.

నల్లగా పల్చగా కాగితం ముక్కల్లా ఉండే విత్తనాలు కొన్ని ఉంటాయి, సిర్టాంథస్ అలాంటిది. వీటిని గ్లాసుడు నీళ్ళ మీద తేలేయండి. వారం పదిరోజుల్లో తెల్లగా వేరు దిగుతుంది, అప్పుడు పట్టకారుతో తీసి మట్టిలో పెట్టుకోవచ్చు, ఏది మొలిచిందో ఏది పొల్లో కళ్ళ ముందే తెలుస్తుంది. ఖరీదైన విత్తనంతో మొదలుపెట్టే ముందు మన ఇళ్ళలో అమరిల్లిస్ అని పిలిచే ఎర్ర లిల్లీ విత్తనాలతో చేయి తిప్పుకోండి. నిజానికి అది హిప్పియాస్ట్రమ్, దక్షిణ అమెరికాది. అసలు అమరిల్లిస్ బెల్లడొన్నా కేప్ ప్రాంతపుది, దాని విత్తనం ముత్యంలా కండపట్టి ఉంటుంది.

ఆ కండ విత్తనాల దగ్గరే అందరూ బోల్తా పడతారు. అమరిల్లిస్, నెరీన్, క్లివియా, హేమాంథస్, బ్రన్స్విజియా, బూఫోనీ, మన పెరళ్ళలో మేలో ఎర్ర బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ, వీటి గింజలు ఎండబెట్టి దాచేవి కావు. పనస గింజని ఏడాది ఎండబెట్టి నాటితే మొలుస్తుందా? ఇవీ అంతే, చెట్టు మీద నుంచి నేరుగా మట్టి మీదికి రావాలి. నెరీన్ గింజలు మట్టీ నీళ్ళూ లేకుండా కవర్లో ఉండగానే వేరు వేసేస్తాయి, పోస్టులో వచ్చేసరికి తోక ఉంటే కంగారు పడకండి. పండు గుజ్జు ఒలిచి, పైనున్న జిగురు పొర పోయేలా గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి కడిగి, తడి ఇసుక మీద సగం పైకి కనబడేలా నొక్కండి. పూడ్చితే కుళ్ళుతుంది. కండలోనే నీళ్ళున్నాయి కాబట్టి మట్టి చెమ్మగా ఉంటే చాలు. వేరు కొన్నిసార్లు గాల్లోకి లేస్తుంది, అప్పుడు అగ్గిపుల్లతో చిన్న గుంట చేసి అందులోకి దింపండి.

క్లివియా కాయ పండడానికే తొమ్మిది నెలల పైన పడుతుంది, ఆ గింజ మొలిచి పూయడానికి ఇంకో నాలుగైదేళ్ళు. బ్రన్స్విజియా, బూఫోనీ అయితే పదేళ్ళు పైమాటే. పిల్లాడు ఒకటో క్లాసులో ఉండగా వేస్తే ఇంటర్ పరీక్షలకి పూస్తుందేమో. తొందర ఉన్నవాళ్ళు ఫ్రీసియా వేసుకోండి, అది ఏడాదిలోనో రెండో చలికాలంలోనో పూస్తుంది, లాకెనేలియాకి రెండు మూడేళ్ళు.

ఈ కండ గింజల మొక్కలన్నీ విషం. బూఫోనీ దుంప రసం శాన్ తెగవాళ్ళు బాణాలకి పూసుకునేవారు. చిన్నపిల్లలు, మేకలు అందుకోని చోట పెట్టండి, దుంప కోశాక చేతులు కడుక్కోండి. దుంప కదా అని వంటింటి పక్కన ఉల్లిపాయల బుట్ట దగ్గర మాత్రం పెట్టకండి.

ఇక లితాప్స్, కోనోఫైటమ్. వీటి ఎండు కాయ ఒకటి దొరికితే విత్తే ముందు పిల్లల్ని పిలిచి, దాని మీద ఒక నీటి చుక్క వేయండి. కొన్ని నిమిషాల్లో ఆ కొయ్యముక్క లాంటి కాయ పువ్వులా విచ్చుకుంటుంది, ఆరితే మళ్ళీ మూసుకుంటుంది. వాన చినుకు కాయలో పడ్డప్పుడే విత్తనాలు బయటికి చిమ్ముతాయి, అంటే తడి ఉందని రూఢి చేసుకున్నాకే తలుపు తీస్తుంది. అంత జాగ్రత్త ఉన్న మొక్క కాబట్టే రాళ్ళ మధ్య రాయిలా బతుకుతోంది. 1811లో విలియం బర్చెల్ అనే యాత్రికుడు వింత ఆకారపు గులకరాయి అనుకుని ఒకదాన్ని ఏరబోతే అది మొక్క అని తేలింది, బయటి లోకానికి లితాప్స్ తెలిసింది అలాగే.

విత్తనం ముక్కుపొడుంలా ఉంటుంది, తుమ్మితే పోతుంది, ఫ్యాన్ ఆపండి. చెంచాడు పొడి ఇసుకలో కలిపి, మడిచిన పోస్టుకార్డు మీద పోసి వేలితో తడుతూ తడి మట్టి మీద చల్లండి. పైన ఏమీ కప్పకూడదు, దీనికి వెలుతురు కావాలి. మూత పెట్టి, సూటిగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి, గ్రీన్ నెట్ కింద అయితే బాగుంటుంది. ఐదు నుంచి పద్నాలుగు రోజుల్లో ఆకుపచ్చ ఆవగింజల్లా తేలతాయి, మధ్యలో చిన్న చీలిక ఉంటుంది, దాన్ని చూడ్డానికి భూతద్దం ఉంటే సరదా. మూత ఒక్కసారిగా తీసేయకండి. మొదట సూదితో రెండు చిల్లులు, మూడు రోజులకి ఇంకో నాలుగు, తర్వాత ఓరగా, తర్వాత పగటిపూట పూర్తిగా, అలా మూడు నాలుగు వారాలు. తర్వాత మట్టి పైపైన ఆరాక సన్నగా స్ప్రే. ఏడాది దాకా మొలకల్ని విడదీసి నాటొద్దు, గుంపులో ఉంటేనే బాగా పెరుగుతాయి.

కలబంద జాతులకీ హవర్తియాకీ ఇదే పద్ధతి, విత్తనం పెద్దది కాబట్టి పైన పల్చగా రవ్వ ఇసుక చల్లొచ్చు. హవర్తియా విత్తనం కోసిన కొద్ది నెలల్లోనే వేయాలి, పాతబడితే సగం కూడా రావు. లితాప్స్ విత్తనం మాత్రం ఏళ్ళ తరబడి దాచినా మొలుస్తుంది. స్టెపీలియాది జిల్లేడు కుటుంబమే, కాయ పగిలితే అదే పట్టు దూది ఎగురుతుంది. దూది పీకేసి వెచ్చటి రోజుల్లో వేస్తే వారం తిరక్కుండా మొలుస్తుంది. పూసినప్పుడు కుళ్ళిన మాంసం వాసన వస్తుంది, పడగ్గది కిటికీకి దూరంగా పెట్టుకోండి.

పొగ సంగతి

మా చుట్టుపక్కల కొండల మీద పోడు కాల్చిన చోట మొదటి వానకి ఎంత పచ్చగా లేస్తుందో చూసినవాళ్ళకి ఇది వింత కాదు. కేప్‌లో ఫైన్‌బోస్ అనే పొదల అడవి ఉంది, అది కొన్నేళ్ళకోసారి తగలబడుతుంది, అక్కడి చాలా విత్తనాలు ఆ నిప్పు కోసమే కాచుకుని ఉంటాయి. అంతా వేడి వల్ల అనుకునేవారు. 1990లో డి లాంగ్, బూషర్ అనే ఇద్దరు దక్షిణాఫ్రికా పరిశోధకులు ఒక అరుదైన ఫైన్‌బోస్ పొద విత్తనాలకి పొగ తగిలితే చాలని చూపించారు, 2004లో వేరే పరిశోధకులు ఆ పొగలోంచి మొలకని లేపే పదార్థాన్ని విడదీశారు, దాని జాతిని ఇప్పుడు కారికిన్లు అంటున్నారు. సిర్టాంథస్‌లో ఒక రకం ఉంది, ఫైర్ లిల్లీ, అడవి కాలాకే పూస్తుంది.

మన పనికి ఎంత కావాలంటే, ఎక్కువ దుంపలకీ సక్యులెంట్లకీ పొగ అక్కర్లేదు. ఫైన్‌బోస్ కొండల నుంచి వచ్చిన మొండి విత్తనం ఏదైనా చేతికొస్తే మాత్రం ప్రయత్నించండి. విత్తిన డబ్బాల మీద పెద్ద అట్టపెట్టె బోర్లించి, లోపల సాంబ్రాణి వేసే మట్టి దాకలో ఎండు గడ్డీ పచ్చి ఆకూ కలిపి రాజేసి, మంట ఆరిపోయాక వచ్చే పొగని అరగంట పట్టించండి. అట్ట అంటుకోకుండా పక్కనే నిలబడండి, బకెట్ నీళ్ళు దగ్గర పెట్టుకోండి. తర్వాత రెండు రోజులు పైనుంచి నీళ్ళు పోయొద్దు, పట్టిన పొగంతా కడుక్కుపోతుంది. సాంబ్రాణి వేయొద్దు, అది దేవుడికి.

నారుకుళ్ళు

ఉదయం నిలబడ్డ మొలక సాయంత్రానికి మొదలు దగ్గర దారంలా సన్నబడి పడిపోతే అది నారుకుళ్ళు. ఒకటి పడితే మర్నాటికి పది. పడ్డవాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో ఎత్తేసి, కార్బెండజిమ్ అనే బూజు మందు లీటరు నీళ్ళకి ఒక గ్రాము కలిపి చల్లండి, చేతికి తొడుగు వేసుకోండి, వంటింటి గ్లాసుతో కొలవకండి. కానీ నా అనుభవంలో దీనికి అసలు మందు గాలి. మూత వారం ముందే తెరిచిన డబ్బాల్లో నారుకుళ్ళు చూసింది తక్కువ. పాచి పడితే పైన రవ్వ ఇసుక పల్చగా చల్లితే సరి. ఈగలకి పసుపు జిగురు అట్టలు దొరుకుతాయి.

మొదటి వానాకాలం

ఇంతవరకూ చెప్పింది సులువు భాగం. మొలిపించడం ఎవరైనా చేస్తారు, నా మొక్కల్లో చచ్చినవాటిలో ముప్పావు వంతు మొదటి జూన్-సెప్టెంబరులో చచ్చాయి.

చలికాలపు దుంపలు మార్చి-ఏప్రిల్‌లో పసుపు పట్టడం మొదలవుతుంది. మొదటి ఏడాది మాత్రం తొందరపడి నీళ్ళు ఆపకండి, ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళూ ఇస్తూనే ఉండండి, చల్లని చోటికి జరపండి, ఎందుకంటే ఎన్ని రోజులు ఎక్కువ ఆకు ఉంటే దుంప అంత ఊరుతుంది. ఆకు పూర్తిగా వాలాక నీళ్ళు ఆపేయండి. ఇప్పుడు లోపల వరిగింజంత, మహా అయితే శనగ గింజంత దుంప ఉంటుంది. తవ్వి చూడకండి. డబ్బాతో సహా రజ పండగ (జూన్ మధ్యలో వచ్చే ఒడిశా పండగ) రాకముందే ఇంట్లోకి తెచ్చి, గాలి తగిలే నీడ గదిలో, అటక మీదనో బీరువా మీదనో పెట్టేయండి. వానాకాలపు గాలిలో ఉండే చెమ్మ వాటికి చాలు. నీళ్ళు ఒక్క చుక్క కూడా వద్దు, నిద్రపోతున్న కేప్ దుంపకి వెచ్చటి తడి మట్టి అంటే కుళ్ళే.

సక్యులెంట్ల మొలకలకి పైన పారదర్శకంగా ఉండే రేకు, పక్కలు తెరిచి. మా దగ్గర వాన నిలువుగా పడదు, ఏటవాలుగా కొడుతుంది, కాబట్టి గోడ వారగా రెండు అడుగులు లోపలికి పెట్టండి. ఆ నాలుగు నెలలూ ఆకు కొద్దిగా ముడతపడితే తప్ప నీళ్ళు ఇవ్వను, ఇచ్చినా ఎండ కాసిన రోజు ఉదయం, పళ్ళెంలో పది నిమిషాలు. వరసగా నాలుగు రోజులు ముసురు పట్టిందంటే టేబుల్ ఫ్యాన్ పెడతాను. మా ఆయన దాన్ని రాళ్ళకి విసనకర్ర అంటారు.

తూర్పు దుంపలకి ఈ బాధ లేదు, వానలో హాయిగా పెరుగుతాయి, నీళ్ళు నిలవకుండా చూస్తే చాలు. వాటిని నవంబరులో ఎండబెట్టి శివరాత్రికి లేపుతాం.

ఒక జాగ్రత్త ఉంది, ఇది ఏ పుస్తకం చెప్పదు. ఆకు లేని డబ్బా చూసేవాళ్ళకి ఖాళీ డబ్బా. రెండేళ్ళ కిందట జూలైలో నేను ఊరెళ్ళొచ్చేసరికి నా స్పరాక్సిస్ డబ్బాలు ఆరూ అటక మీద నుంచి దిగి పిట్టగోడ మీద వరసగా ఉన్నాయి, వాటిలో పచ్చగా కొత్తిమీర. "కాళీగున్నాయి కదేటమ్మా, ధనియాలు జల్లీసేను" అంది అత్తయ్య, ఎంతో సంబరంగా. రోజూ రెండు పూటలా నీళ్ళు పోసిందట. తవ్వి చూస్తే ఆరు డబ్బాల్లో కలిపి నాలుగు దుంపలు గట్టిగా ఉన్నాయి, మిగతావి గుజ్జు. ఆమెతో ఏమీ అనలేకపోయాను, కొత్తిమీర చారులోకి బాగుంది కూడా. అప్పటి నుంచి అటక మీదికి వెళ్ళే ప్రతి డబ్బా మీదా పెద్ద అక్షరాలతో "లోపల మొక్క ఉంది" అని తెలుగులో ఒక చీటీ, మా ఇంట్లో పని చేసే మౌసీ కోసం ఒడియాలో ఇంకో చీటీ అంటిస్తున్నాను.

దసరా వెళ్ళాక, రాత్రి కిటికీ మూయాలనిపించిన మొదటి రోజు, డబ్బాలు దింపి నీళ్ళ పళ్ళెంలో ఒక గంట పెట్టండి. తర్వాత మట్టి పైన ఆరేదాకా మళ్ళీ పోయొద్దు. రెండు మూడు వారాల్లో పోచ కనిపిస్తుంది, కిందటేటి కంటే కొంచెం లావుగా. ఇప్పుడు పదిహేను రోజులకోసారి పలచగా కలిపిన ఎరువు నీళ్ళు మొదలుపెట్టొచ్చు, పొటాష్ ఎక్కువ, నత్రజని తక్కువ ఉన్నది. కనిపించని డబ్బాని సంక్రాంతి దాకా అలాగే ఉంచండి, కొన్ని నిద్ర ముచ్చులుంటాయి. మా నాలుగు స్పరాక్సిస్ దుంపల్లో మూడు ఆ నవంబరులోనే లేచాయి, నాలుగోది రథసప్తమికి లేచింది.